బలం ఘాతం 2 బదులు 3 అయితే పరమాణువు నిలుస్తుందా? బోర్ లెక్కలో ఆర్ ఎగిరిపోతోంది

రెండో_సెమ్

కేంద్రకానికీ ఎలక్ట్రాన్‌కీ మధ్య ఆకర్షణ కె/ఆర్² కాకుండా కె/ఆర్³ అనుకుని, బోర్ పద్ధతిలో వ్యాసార్థం రాబట్టబోయాను. వృత్తాకార కక్ష్య షరతు నుంచి ఎమ్ వీ² = కె/ఆర్² (ఎమ్ ద్రవ్యరాశి, వీ వేగం, ఆర్ వ్యాసార్థం, కె స్థిరాంకం). కోణీయ ద్రవ్యవేగం షరతు (ఎమ్ వీ ఆర్ = ఎన్ హెచ్‌బార్; ఎన్ పూర్ణాంకం, హెచ్‌బార్ అంటే ప్లాంక్ స్థిరాంకాన్ని 2πతో భాగించినది) నుంచి ఎమ్ వీ² = ఎన్² హెచ్‌బార్²/(ఎమ్ ఆర్²). రెండూ సమానం చేస్తే ఆర్² రెండు వైపులా కొట్టుకుపోయి కె = ఎన్² హెచ్‌బార్²/ఎమ్ అని మిగిలింది. మరి వ్యాసార్థం ఏది? ఘాతం 4 పెడితే ఆర్ వస్తోంది గానీ, ఎన్ పెరిగేకొద్దీ చిన్నదవుతోంది. ఎక్కడ తప్పు చేశానో చెప్పగలరా?

లెక్కల_మాస్టారు

తప్పేమీ చెయ్యలేదు బాబూ. వచ్చిన జవాబును నమ్మలేదు, అంతే.

ఘాతం ఏదైనా సరే ఒకేసారి వేసేద్దాం. బలం కె/ఆర్^ఘాతం అయితే

ఆర్^(3 − ఘాతం) = ఎన్² హెచ్‌బార్²/(ఎమ్ కె)

ఘాతం 2 అయితే ఆర్ ∝ ఎన్², మనకు తెలిసిన హైడ్రోజన్. ఘాతం 1 అయితే ఆర్ ∝ ఎన్. ప్రవేశ పరీక్షల్లో తరచూ కనబడే లాగ్ స్థితిజ శక్తి లెక్క ఇదే. ఘాతం 3 అయితే ఎడమవైపు ఆర్^0, అంటే 1. వ్యాసార్థాన్ని నిర్ణయించే శక్తి సమీకరణానికి లేదు. కె విలువ సరిగ్గా కుదిరితే ఏ వ్యాసార్థమైనా సరే, కుదరకపోతే ఏదీ కాదు.

ఇప్పుడు మొత్తం శక్తి చూడు:

శక్తి = (కె/ఆర్^(ఘాతం − 1)) × (ఘాతం − 3) / (2 (ఘాతం − 1))

ఘాతం 2 పెడితే −కె/(2ఆర్), సరిగ్గానే ఉంది. 3 పెడితే సున్నా. 4 పెడితే ధనాత్మకం. ఎలక్ట్రాన్‌ను అనంత దూరంలో ఊరికే వదిలేస్తే ఉండే శక్తి సున్నా కదా, అంతకంటే ఎక్కువ శక్తితో "కట్టుబడి" ఉండటం ఏమిటి? అది కట్టు కాదు, కొండ కొనమీద నిలబెట్టిన గోళీ. వృత్తాకార కక్ష్య ఉంటుంది, కొస గోరంత కదిలితే లోపలికో బయటికో పోతుంది.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఒక మాట. "స్థితిజ శక్తి −కె/(3ఆర్³) అయితే శక్తి ఎన్ మీద ఎలా ఆధారపడుతుంది?" అని అడుగుతారు. కీలో ఎన్⁶ అని ఉంటుంది. మార్కుల కోసం అదే రాయండి. అలాంటి పరమాణువు ఉండదన్న సంగతి మాత్రం ప్రశ్న తయారుచేసినవాళ్లు చెప్పరు.

అపకేంద్రం

మాస్టారు చెప్పిన 3 అనే గీత క్వాంటమ్‌కు ముందే ఉంది. న్యూటన్ 1687 నాటి ప్రిన్సిపియా మొదటి భాగం, 45వ ప్రతిపాదనలోనే దొరుకుతుంది. దాదాపు వృత్తంలా ఉన్న కక్ష్యను కాస్త కదిపితే, దగ్గరి బిందువు నుంచి దూరపు బిందువుకు చేరేలోపు తిరిగే కోణం

180° / √(3 − ఘాతం)

ఘాతం 2కి 180°. పోయి వచ్చేసరికి 360°, కక్ష్య మూసుకుంటుంది. ఘాతం −1కి (స్ప్రింగ్ బలం) 90°, అదీ మూసుకుంటుంది. ఘాతం 1కి 127.3°, మూసుకోదు, పువ్వు రేకుల్లా తిరుగుతూ పోతుంది. ఘాతం 2.5కి 254.6°. ఘాతం 2.9కి 569°, అంటే ఒక కొస నుంచి మరో కొసకు చేరడానికే ఒకటిన్నర చుట్లు దాటాలి. 3 దగ్గర అనంతం, ఒకసారి లోపలికి మళ్లితే ఇక తిరిగి రాదు. చుట్టలు చుట్టుకుంటూ కేంద్రానికి పోయే ఈ దారులనే కోట్స్ సర్పిలాలు అంటారు. బంధిత కక్ష్యలన్నీ మూసుకునేది విలోమ వర్గ బలానికీ స్ప్రింగ్ బలానికీ మాత్రమేనని 1873లో బెర్‌ట్రాండ్ నిరూపించాడు.

ఈ సూత్రంతో ఒకాయన బుధగ్రహాన్నే సరిదిద్దబోయాడు. బుధుడి కక్ష్య శతాబ్దానికి అదనంగా 43 ఆర్క్ సెకన్లు జరుగుతోంది కదా, గురుత్వాకర్షణ ఘాతం 2 కాదు, 2.00000016 అని 1894లో ఆసఫ్ హాల్ ప్రతిపాదించాడు. చేత్తో సరిచూసుకోవచ్చు: చుట్టుకు 180° × 0.00000016 = 0.104 ఆర్క్ సెకను, శతాబ్దానికి 415 చుట్లు, మొత్తం 43. లెక్క కుదిరింది. అదే ఘాతం చంద్రుడి కదలికకు కుదరలేదు.

రెండో_సెమ్

మాస్టారూ, అర్థమైంది. కానీ ఒక సందేహం. సంప్రదాయ భౌతికశాస్త్రంలో విలోమ వర్గ బలంతో కూడా పరమాణువు నిలవదు కదా? ఎలక్ట్రాన్ వికిరణం చేస్తూ పడిపోతుంది. అలాంటప్పుడు కక్ష్య స్థిరత్వం లెక్కలు పరమాణువుకు ఎందుకు?

గ్రిడ్డు_వీరుడు

సరైన ప్రశ్న. బోర్ వ్యాసార్థం (హైడ్రోజన్‌లో 0.529 ఆంగ్‌స్ట్రామ్) నుంచి మొదలైతే 1.6 × 10⁻¹¹ సెకన్లలో పడిపోవాలి. పడనివ్వనిది అనిశ్చితత్వం. ఎలక్ట్రాన్‌ను ఆర్ అంత చోటులో బిగిస్తే గతిజ శక్తి కనీసం హెచ్‌బార్²/(2 ఎమ్ ఆర్²) ప్రాంతంలో ఉంటుంది. అదీ 1/ఆర్², కక్ష్య లెక్కలో తిరగడం వల్ల వచ్చే అపకేంద్ర పదమూ 1/ఆర్². అందుకే రెండు చోట్లా గీత 3 దగ్గరే పడుతుంది. 1/ఆర్³ బలానికి స్థితిజ శక్తి 1/ఆర్² కదా.

అంకెలు వేస్తే ఇంకా బాగా కనబడుతుంది. ఆంగ్‌స్ట్రామ్, ఎలక్ట్రాన్ వోల్ట్ (ఈవీ) ప్రమాణాల్లో రెండే స్థిరాంకాలు గుర్తుంచుకో: హెచ్‌బార్²/2ఎమ్ = 3.81, కూలుంబ్ స్థిరాంకం = 14.4.

హైడ్రోజన్: శక్తి = 3.81/ఆర్² − 14.4/ఆర్

ఆర్ = 1.0 → −10.6 ఈవీ
ఆర్ = 0.529 → −13.6
ఆర్ = 0.3 → −5.7
ఆర్ = 0.2 → +23
ఆర్ = 0.1 → +237

లోపలికి నొక్కేకొద్దీ ధర పెరిగింది. 0.529 దగ్గర అడుగు తేలింది.

ఇప్పుడు ఘాతం 4. పోలిక న్యాయంగా ఉండాలి కాబట్టి 0.529 దగ్గర బలం కూలుంబ్ బలానికి సమానం (51.4 ఈవీ/ఆంగ్‌స్ట్రామ్) అయ్యేలా కె పెడదాం. స్థితిజ శక్తి −1.343/ఆర్³ అవుతుంది.

ఆర్ = 1.0 → +2.5
ఆర్ = 0.529 → +4.5
ఆర్ = 0.3 → −7.4
ఆర్ = 0.2 → −73
ఆర్ = 0.1 → −962
ఆర్ = 0.01 → సుమారు −13 లక్షలు

హైడ్రోజన్‌కు లోయ ఉన్న చోటే ఇక్కడ గుట్ట ఉంది. లోపల అడుగులేని అగాధం, బయట ఏటవాలు.

ఘాతం 3కి అదే షరతు పెడితే స్థితిజ శక్తి సరిగ్గా −3.81/ఆర్². మొత్తం శక్తి అన్ని చోట్లా సున్నా! నీ లెక్కలో ఆర్ ఎగిరిపోయింది ఇందుకే. గోడ మీద పిల్లి.

తిక్క_ప్రశ్న

అగాధం అంటున్నారు, నిజంగా అనంతం దాకా పోదుగా? సాపేక్షత అడ్డు రాదా?

గ్రిడ్డు_వీరుడు

అడ్డు రాదు, ఇంకా పని చెడగొడుతుంది. 1.343/ఆర్³ విలువ 5,11,000 ఈవీకి, అంటే ఎలక్ట్రాన్ నిశ్చల శక్తికి, 0.014 ఆంగ్‌స్ట్రామ్ దగ్గరే చేరుతుంది. అంతకంటే లోపల ష్రోడింగర్ సమీకరణం చెల్లదు. అక్కడ గతిజ శక్తి 1/ఆర్² కాదు, హెచ్‌బార్ సీ/ఆర్, అంటే 1973/ఆర్ ఈవీ. ప్రతిఘటన మరింత బలహీనపడిందన్నమాట. పతనం ఎక్కడో ఆగాలంటే కేంద్రకానికి పరిమాణం ఉండటం వల్లో, మరో కొత్త బలం వల్లో ఆగాలి. అలా ఆగినా దాని సైజు కేంద్రకం సైజు. రసాయనశాస్త్రానికి చోటుండదు.

సగం_స్పిన్

పైన గ్రిడ్డు గారు వేసినది అంచనా లెక్క. ఘాతం 3 దగ్గర ఆ అంచనాను పట్టుకుని తీర్పు చెప్పకూడదు. అసలు లెక్క వేరు.

స్థితిజ శక్తిని −ఆల్ఫా × 3.81/ఆర్² అని రాయండి. మూడు పరిమాణాల్లో (డైమెన్షన్లలో) ఎస్ స్థితికి (కోణీయ ద్రవ్యవేగం సంఖ్య ఎల్ = 0) హద్దు ఆల్ఫా = 1/4. పీ స్థితికి (ఎల్ = 1) 9/4. సాధారణంగా (ఎల్ + ½)². హద్దు లోపల ఉంటే ఒక్క బంధిత స్థితి కూడా ఉండదు. హద్దు దాటితే కేంద్రంలోకి పతనం. మధ్యస్థంగా "కాస్త కట్టుబడిన" పరమాణువు అనేది లేదు. గ్రిడ్డు గారి ఉదాహరణలో ఆల్ఫా = 1, హద్దుకు నాలుగింతలు. కాబట్టి సున్నా దగ్గర ఊగిసలాడదు, ఎస్ ఎలక్ట్రాన్ పడిపోతుంది. పీ ఎలక్ట్రాన్ పడదు, కానీ కట్టుబడి ఉండదు కూడా, వెళ్లిపోతుంది.

ఇది ఊహాలోకం కాదు. నీటి అణువులాంటి డైపోల్ (ఒక కొన ధనం, ఇంకో కొన రుణం) దగ్గరికి ఎలక్ట్రాన్ వస్తే అది అనుభవించే స్థితిజ శక్తి 1/ఆర్² రకమే (దిశను బట్టి మారుతుంది, అంతే). అందుకే స్థిరమైన డైపోల్‌కు ఒక హద్దు విలువ ఉంది: 1.625 డిబై (డైపోల్ బలాన్ని కొలిచే ప్రమాణం). అంతకు తక్కువైతే ఎలక్ట్రాన్‌ను డైపోల్ ఒక్కటే పట్టుకోలేదు. హద్దు దాటితే, ఆదర్శ డైపోల్ లెక్కలో బంధిత స్థితులు అనంతం. నిజం అణువులు తిరుగుతుంటాయి కాబట్టి వాటికి ఇంకొంచెం ఎక్కువ కావాలి.

రెండో ఉదాహరణ ఎఫిమోవ్ స్థితులు. 1970లో సిద్ధాంతం, 2006లో ఇన్స్‌బ్రుక్‌లో అతిశీతల సీజియం పరమాణువుల్లో ఆనవాలు. మూడు కణాల మధ్య 1/ఆర్² ఆకర్షణ పుట్టుకొస్తుంది. ఒకదానికంటే ఒకటి 22.7 రెట్లు పెద్దదైన స్థితుల వరుస, శక్తిలో ఒక్కో మెట్టు 515 రెట్లు తేడా. పెద్దవైపు వరుసకు అంతు లేదు. చిన్నవైపు అంతు ఎక్కడ అనేది మాత్రం 1/ఆర్² నియమం చెప్పదు, పరమాణువుల మధ్య దగ్గరి దూరపు బలం చెబుతుంది. "సమీకరణంలో వ్యాసార్థం లేదు" అని రెండో_సెమ్ మొదట్లో అన్న మాటకు ప్రయోగశాల రూపం ఇదే.

తిక్క_ప్రశ్న

ఘాతం 3 అంటే నాలుగు పరిమాణాల ప్రపంచమే కదా? బలరేఖలు ఆర్³ వైశాల్యం మీద పరుచుకుంటాయి. ఎరెన్‌ఫెస్ట్ 1917లో రాసింది అదే. మరి ఇంత చర్చ దేనికి?

సగం_స్పిన్

సగమే నిజం. బలం ఒక్కటి మారిస్తే ఒక కథ, స్థలం కూడా మారిస్తే ఇంకో కథ. నాలుగు పరిమాణాల్లో గతిజ శక్తి పదం కూడా మారుతుంది, హద్దు (ఎల్ + 1)² అవుతుంది. ఎస్ స్థితికి 1/4 కాదు, 1. అంటే పైన తీసుకున్న ఆల్ఫా = 1 అక్కడ సరిగ్గా గీత మీద పడుతుంది. తీర్పు మాత్రం మారదు: గీతకు ఇవతల ఏదీ కట్టుబడదు, అవతల పడిపోతుంది. పరిమాణాలు ఐదైతే ఆల్ఫా గొడవ కూడా లేదు, నేరుగా పతనమే. ష్రోడింగర్ సమీకరణంతో ఈ లెక్కను 1963లో టాంఘెర్లీని చేశాడు.

లెక్కల_మాస్టారు

ఘాతం 3 మీద ఇంకో వింత చెప్పి వెళ్తాను. విలోమ వర్గ బలంతో, కదలని ఆవేశాల మధ్య ఇంకో ఆవేశాన్ని స్థిరంగా నిలబెట్టలేం (ఎర్న్‌షా, 1842). ఘాతం 2 కంటే ఎక్కువైతే ఈ నిషేధం పోతుంది. ఒక ఘనానికి ఆరు ముఖాల మధ్యలో ఆరు ధనావేశాలు బిగించి, నట్టనడుమ ఇంకో ధనావేశం పెడితే అది ఎటు కదిలినా వెనక్కి నెట్టబడి అక్కడే ఉంటుంది. ఎలక్ట్రాన్ తిరగనక్కర లేని "పరమాణువు"! వికర్షణతో కట్టిన గూడు అది. ఆకర్షణతో కట్టబోతే ఇందాకటి అగాధమే.

లాగ్_లోకం

అందరూ 3 వైపే చూస్తున్నారు. 2 కంటే తక్కువ వైపు చూడండి, అటు పరమాణువు కూలదు. ఘాతం 1కి దిగితే సమస్య తలకిందులు: ఊడి రాదు.

ఘాతం 1. అదే పద్ధతిలో 0.529 దగ్గర బలం సమానం చేస్తే స్థితిజ శక్తి 27.2 × లాగ్(ఆర్/0.529) ఈవీ (సహజ లాగ్). బోర్ మెట్లు 13.6 + 27.2 × లాగ్(ఎన్). ఒకటి నుంచి రెండుకు 18.9 ఈవీ, రెండు నుంచి మూడుకు 11.0. మెట్లు దగ్గరవుతూ పోతాయి గానీ పైకప్పు లేదు. (అసలు ష్రోడింగర్ లెక్కలో 1ఎస్ నుంచి 2ఎస్‌కు 21.8 ఈవీ, బోర్ లెక్క కాస్త తక్కువ చూపిస్తుంది.) ఎలక్ట్రాన్‌ను 0.529 నుంచి మీటరు దూరం లాగితే స్థితిజ శక్తి 644 ఈవీ పెరుగుతుంది. అక్కడి నుంచి కిలోమీటరుకు ఇంకో 188. పెద్ద అంకెలేం కావు, కానీ ఎంత ఇచ్చినా చాలదు. అయనీకరణ శక్తి అనే మాటకే అర్థం లేదు. ఉప్పు నీటిలో సోడియం అయాన్, క్లోరైడ్ అయాన్ ఎవరి దారిన వారు పోవడం కుదరదు.

ఘాతం 0, అంటే దూరంతో మారని బలం. 51.4 ఈవీ/ఆంగ్‌స్ట్రామ్ అలాగే ఉంచితే మీటరుకు 514 జీఈవీ (1 జీఈవీ = 100 కోట్ల ఈవీ). రెండు మైక్రోమీటర్లు లాగేసరికే 1.02 ఎంఈవీ (1 ఎంఈవీ = 10 లక్షల ఈవీ) పోగవుతుంది, ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంట పుట్టి తాడు తెగిపోతుంది. ప్రోటాన్ లోపలి క్వార్కులకు జరిగేది ఇదే కదా.

సగం_స్పిన్

> జంట పుట్టి తాడు తెగిపోతుంది

శక్తి చాలినంత మాత్రాన తెగదండీ. ఆ బలానికి సరిపడే విద్యుత్ క్షేత్రం 5.1 × 10¹¹ వోల్ట్/మీటరు. శూన్యం నుంచి జంటలు ధారాళంగా పుట్టాలంటే 1.3 × 10¹⁸ కావాలి. జంట పుట్టే సంభావ్యతలోని ఎక్స్‌పోనెన్షియల్ పైన −80 లక్షలు వస్తుంది. ఆ తాడు విశ్వం వయసంతా లాగినా తెగదు. క్వార్కుల తాడు బలం ఫెర్మీకి (10⁻¹⁵ మీటరుకు) సుమారు 1 జీఈవీ, అంటే 1.6 × 10⁵ న్యూటన్లు, 16 టన్నుల బరువు వేలాడదీసినంత. తేలిక క్వార్కుల ద్రవ్యరాశి దాని ముందు లెక్కలోకి రాదు కాబట్టి చటుక్కున తెగుతుంది.

లాగ్_లోకం

ఒప్పుకున్నాను, సవరణ తీసుకుంటున్నాను.

క్వార్కుల మాట వచ్చింది కాబట్టి, లాగ్ నియమానికి ప్రకృతిలో ఒక నీడ ఉంది. లాగ్ స్థితిజ శక్తిలో మెట్ల తేడా కణం ద్రవ్యరాశి మీద ఆధారపడదు. చార్మ్ క్వార్కు జంటలో (జె/సై, 1974) మొదటి రెండు మెట్లు 3097, 3686 ఎంఈవీ. తేడా 589. బాటమ్ క్వార్కు మూడింతలు బరువు, దాని జంటలో (అప్సిలాన్, 1977) 9460, 10023. తేడా 563. దాదాపు అంతే! అందుకే తొలి రోజుల్లో 0.73 జీఈవీ × లాగ్ అనే నియమంతో ఈ వర్ణపటాలను బాగానే అమర్చారు. నిజానికి అది దగ్గర్లో 1/ఆర్, దూరంలో ఆర్ కలిసిన స్థితిజ శక్తి. రెండింటి మధ్య ప్రాంతంలో లాగ్‌లా కనబడుతుంది.

సోడియం_దీపం

ఘాతం మార్చితే ఏమవుతుందో చూడ్డానికి క్వార్కుల దాకా పోనక్కర లేదు, వీధిదీపం చాలు. సోడియం బయటి ఎలక్ట్రాన్ దూరంలో ఉన్నప్పుడు 1 ఆవేశాన్ని, లోపలికి దూరినప్పుడు 11 దాకా చూస్తుంది. అంటే దాని దృష్టిలో ఆకర్షణ 1/ఆర్² కంటే నిటారుగా పెరుగుతుంది. ఫలితం: హైడ్రోజన్‌లో ఎన్ = 3 స్థితులన్నీ −1.51 ఈవీ దగ్గర ఒకే చోట ఉంటే, సోడియంలో 3ఎస్ −5.14కు, 3పీ −3.04కు పడ్డాయి. కేంద్రకం దగ్గరికి ఎక్కువగా పోయే ఎస్ ఎక్కువ లోతుకు దిగింది. మధ్య తేడా 2.1 ఈవీ, అదే 589 నానోమీటర్ల పసుపు వెలుగు.

హైడ్రోజన్‌లోనే ఘాతాన్ని కొద్దిగా మార్చామనుకోండి, 2 + డెల్టా. మొదటి క్రమపు లెక్కలో 2ఎస్, 2పీ మధ్య చీలిక 27.2 × డెల్టా/12 ఈవీ వస్తుంది (ఆర్ లాగ్‌ను ఆర్‌తో భాగించి, రెండు స్థితుల్లో సగటు తీయండి. 0.231, 0.314. తేడా సరిగ్గా 1/12). డెల్టా = 0.000002 పెడితే సుమారు 1100 మెగాహెర్ట్జ్. అంటే ఇదే రెండు స్థితుల మధ్య 1947లో ల్యాంబ్ కనిపెట్టిన చీలిక (తర్వాతి కొలతల్లో 1057 మెగాహెర్ట్జ్) అంత పెద్దది. దిశ మాత్రం వేరు: నిటారు బలం 2ఎస్‌ను కిందికి దించుతుంది, ల్యాంబ్ చూసింది పైకి లేవడం.

అపకేంద్రం

ఆ డెల్టాకు నేరుగా కట్టిన హద్దులు కూడా ఉన్నాయి. ఘాతం సరిగ్గా 2 అయితేనే, ఆవేశం ఇచ్చిన బోలు గోళం లోపల బలం సున్నా. కావెండిష్ 1773లో రెండు గోళాలు ఒకదానిలో ఒకటి పెట్టి, లోపలి దానికి ఆవేశం చేరలేదని చూసి, తేడా 1/50 కంటే తక్కువ అన్నాడు. ప్రచురించలేదు. కూలుంబ్ తన తక్కెడ ఫలితం 1785లో ప్రకటించాడు, పేరు ఆయనకే పోయింది. మాక్స్‌వెల్ దాన్ని 1/21,600కు తెచ్చాడు. 1936లో ప్లింప్టన్, లాటన్ 2 × 10⁻⁹. 1971లో విలియమ్స్, ఫాలర్, హిల్ (2.7 ± 3.1) × 10⁻¹⁶. పద్ధతి దాదాపు అదే, గోళాల మధ్య సున్నాను వెతకడం. బలాన్ని రెండు దూరాల్లో కొలిచి నిష్పత్తి తీసే పద్ధతితో ఈ ఖచ్చితత్వం కలలో మాట.

తిక్క_ప్రశ్న

ఘాతం మార్చకుండా ఫోటాన్‌కు ద్రవ్యరాశి ఇస్తే? అప్పుడు స్థితిజ శక్తికి ఎక్స్‌పోనెన్షియల్ తగులుకుంటుంది కదా, −14.4/ఆర్ × ఈ^(−ఆర్/డీ). డీ అంటే బలం చేరే దూరం.

గ్రిడ్డు_వీరుడు

డీ విలువ బోర్ వ్యాసార్థానికి 0.84 రెట్ల కంటే తగ్గితే హైడ్రోజన్‌కు ఒక్క బంధిత స్థితి కూడా మిగలదు. ఫోటాన్ ద్రవ్యరాశిలో చెబితే సుమారు 4.4 కేఈవీ. ప్రయోగాలు పెట్టిన హద్దు 10⁻¹⁸ ఈవీ ప్రాంతం, కాబట్టి భయం లేదు. గమనించాల్సింది ఏమిటంటే, ఇక్కడ పరమాణువు చచ్చేది కేంద్రం దగ్గర కాదు. దగ్గర్లో ఇది మామూలు 1/ఆర్. దూరంలో పట్టు లేక జారిపోతుంది. ఘాతం 4లో దగ్గర చెడింది, లాగ్‌లో దూరం చెడింది (వదలదు), ఇక్కడ కూడా దూరమే చెడింది (పట్టుకోదు).

లెక్కల_మాస్టారు

మన విలోమ వర్గం మాత్రం పూర్తిగా క్షేమం అనుకోవద్దు. ఇందాక గతిజ శక్తి సాపేక్షతలో 1/ఆర్‌కు మారుతుందన్నారు కదా. కూలుంబ్ స్థితిజ శక్తి కూడా 1/ఆర్. రెండూ ఒకే ఘాతం! ఘాతం 3 దగ్గర చూసిన గోడ మీది పిల్లి ఇక్కడా ఉంది. బిందువులాంటి కేంద్రకానికి డిరాక్ సమీకరణం (సాపేక్షతను కలుపుకున్న క్వాంటమ్ సమీకరణం) పరమాణు సంఖ్య 137 దగ్గర చెడుతుంది. కేంద్రకానికి సైజు ఇస్తే హద్దు 173 ప్రాంతానికి జరుగుతుంది. ఇప్పటిదాకా చేసిన మూలకాలు 118 దగ్గర ఆగాయి కాబట్టి సూటిగా చూడలేదు. గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు కాంతి వేగానికి సుమారు 300వ వంతు వేగంతో, ద్రవ్యరాశి లేనట్టు పోతాయి. అక్కడ హద్దు చాలా కిందికి దిగుతుంది. 2013లో కాల్షియం జంటలను గ్రాఫీన్ మీద పేర్చి ఆ "పరమాణు పతనం" స్థితిని చూశారు.

ఇంతవరకు ఒక్క ఎలక్ట్రాన్ గురించే మాట్లాడాం. కోట్ల ఎలక్ట్రాన్లు, కేంద్రకాలు కలిసిన పదార్థం కుప్పకూలకుండా ఉండటానికి కూలుంబ్ నియమం ఒక్కటే చాలదు, పౌలీ నిషేధం (రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండకూడదన్న నియమం) కూడా కావాలి. 1967లో డైసన్, లెనార్డ్ నిరూపించారు. అది వేరే దారం, అక్కడ మాట్లాడుకుందాం.

రెండో_సెమ్

ష్రోడింగర్ సమీకరణాన్ని నేనే కంప్యూటర్‌లో గ్రిడ్ మీద (దూరాన్ని చిన్న చిన్న స్టెప్‌లుగా కోసి) వేసి చూశాను. హైడ్రోజన్ బాగానే వచ్చింది. ఘాతం 4కి −1,49,400 ఈవీ వచ్చింది. స్టెప్ సగం చేస్తే −12,68,000. ప్రోగ్రామ్‌లో పొరపాటా? ఆర్ = 0 దగ్గర సున్నాతో భాగహారం రాకుండా ఆర్ + 0.001 అని పెట్టి చూస్తే వేరే అంకె వచ్చి, స్టెప్ తగ్గిస్తూ పోతే ఒకచోట స్థిరపడింది. అదే నిజమైన జవాబా?

గ్రిడ్డు_వీరుడు

కాదు తమ్ముడూ. అది 0.001 ఇచ్చిన జవాబు. స్థిరపడింది నువ్వు వేసిన మెత్త మీద. 0.0005 పెట్టి చూడు, ఇంకో చోట స్థిరపడుతుంది. హైడ్రోజన్‌కు ఆ మెత్త వేసినా పెద్ద హాని లేదు, ఇక్కడ రోగాన్ని దాచేస్తుంది. తీసెయ్.

వరుసగా చేసుకో. తరంగ ప్రమేయాన్ని ఆర్‌తో గుణించి యూ అను. గ్రిడ్ బిందువులు ఆర్ = స్టెప్, 2 స్టెప్, 3 స్టెప్... ఇలా మొదలవ్వాలి. సున్నా దగ్గర యూ = 0 కాబట్టి ఆ బిందువు మ్యాట్రిక్స్‌లోకే రాదు, సున్నాతో భాగహారం ప్రసక్తే లేదు. కర్ణం మీద 7.62/స్టెప్² + స్థితిజ శక్తి. కర్ణం పక్కన −3.81/స్టెప్². ఎల్ ఉంటే కర్ణానికి 3.81 × ఎల్(ఎల్+1)/ఆర్² కలుపు. పెట్టె 10 ఆంగ్‌స్ట్రామ్‌లు, స్టెప్ 0.01 అంటే 1000 బిందువులు. సైపైలో (పైథాన్ గణిత లైబ్రరీ) మూడు కర్ణాల మ్యాట్రిక్స్‌కు ప్రత్యేకమైన ఫంక్షన్ ఉంది, దానికి ఇస్తే క్షణంలో వచ్చేస్తుంది. పూర్తి మ్యాట్రిక్స్ కట్టకు. పెట్టె చిన్నదైతే 1ఎస్ బాగానే ఉంటుంది, 3ఎస్ నుంచి పైకి నొక్కుకుపోయినట్టు వస్తాయి, కాబట్టి పై స్థితులకు పెట్టె పెంచు, స్టెప్ కాదు.

హైడ్రోజన్‌కు రావాల్సినవి: స్టెప్ 0.05కి −13.575, 0.02కి −13.601, 0.01కి −13.604. స్టెప్ సగమైతే దోషం నాలుగో వంతు కావాలి. అలా రాకపోతే ముందు ప్రమాణాలు చూసుకో. 3.81కి బదులు 7.62 పక్క కర్ణంలో పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు.

ఘాతం 3, ఆల్ఫా = 1: స్టెప్ 0.01కి −2,700 ఈవీ చుట్టూ వస్తుంది. సగం చేస్తే సరిగ్గా నాలుగింతలు. ఎన్నిసార్లు సగం చేసినా అంతే. ఎలక్ట్రాన్ ఎప్పుడూ మొదటి పది పదిహేను బిందువుల్లోనే ఉంటుంది.

ఘాతం 4: నీకు 0.02కి −1,49,400, 0.01కి −12,68,000 వచ్చాయి. రెండూ సరైనవే. 0.005 పెడితే −1,04,42,000 రావాలి. నిష్పత్తులు 8.5, 8.2. సగం చేస్తూ పోతే 8కి చేరతాయి, ఎందుకంటే యూ మొత్తం మొదటి బిందువు మీదే కూర్చుంది, అక్కడి స్థితిజ శక్తి 1/స్టెప్³. నీ ప్రోగ్రామ్‌లో పొరపాటు లేదు. యూ వర్గాన్ని మొదటి ఐదు బిందువులకు ప్రింట్ చేసి చూడు: 0.005 స్టెప్‌కి మొదటిది 0.999 దాటి ఉంటుంది.

రెండో_సెమ్

0.005కి −1,04,41,700 వచ్చింది. మొదటి బిందువు 0.9997.